నెలతక్కువ బిడ్డకు సూది నొప్పి తెలుస్తుందా? ఎస్‌ఎన్‌సీయూలో తల్లిదండ్రులు ఏం అడగొచ్చు?

బోధన్‌ చుట్టుపక్కల ఊళ్లలో 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు ప్రత్యేక చికిత్స అవసరమైతే, సాధారణంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్‌ ప్రభుత్వ జనరల్‌ ఆసుపత్రికి పంపుతారు. అక్కడి నవజాత శిశు చికిత్సా విభాగం (ఎస్‌ఎన్‌సీయూ)లో మడమ నుంచి రక్తం తీయడం, సెలైన్‌ సూది పెట్టడం, ముక్కులోంచి పాల గొట్టం వేయడం తప్పవు. మరి బిడ్డకు నొప్పి?

పసిబిడ్డలకు నొప్పి తెలియదా?
తెలుస్తుంది. ఒకప్పుడు తెలియదనుకుని అరకొర మత్తుతోనే ఆపరేషన్లు చేసేవారు. భారతీయ మూలాలున్న వైద్యుడు కన్వల్‌జీత్‌ ఆనంద్‌ బృందం 1987లో వెలువరించిన పరిశోధన ఆ నమ్మకాన్ని మార్చింది. తగిన మత్తు ఇచ్చిన నెలతక్కువ శిశువులకు ఆపరేషన్‌ తర్వాత సమస్యలు తగ్గాయని తేలింది. పారిస్‌ ప్రాంతంలో 430 మంది శిశువులపై చేసిన అధ్యయనం (2008) ప్రకారం ఐసీయూలో ఒక్కో బిడ్డ రోజుకు దాదాపు 10 నొప్పి కలిగించే ప్రక్రియలను ఎదుర్కొంటోంది.

ఎలా గుర్తిస్తారు?
మరీ ముందుగా పుట్టిన బిడ్డ గట్టిగా ఏడవలేకపోవచ్చు. నుదురు ముడుచుకోవడం, కళ్లు గట్టిగా మూయడం, గుండె వేగం పెరగడం, ఆక్సిజన్‌ తగ్గడం సూచనలు.

నొప్పి తగ్గించే మార్గాలేంటి?
* సూదికి ముందు నుంచే తల్లి ఛాతీకి ఆనించి పడుకోబెట్టడం (కంగారూ సంరక్షణ).
* చప్పరించగలిగే బిడ్డకు ఆ సమయంలో తల్లిపాలు పట్టడం.
* ఒక చేయి తలపై, మరో చేయి పాదాలపై ఉంచి, కాళ్లూ చేతులూ ముడిచి ఒద్దికగా పట్టుకోవడం.
* సుమారు 2 నిమిషాల ముందు నర్సు కొలిచి నాలుకపై వేసే సుక్రోజ్‌ చుక్కలు. ఇంటి చక్కెర నీళ్లు, తేనె మాత్రం వద్దు.
* అనవసర పరీక్షలు మానుకుని, అవసరమైనవి ఒకేసారి చేయడం.

గొట్టం వేసి శ్వాస అందించడం వంటి పెద్ద ప్రక్రియలకు మందులు కావాలి. అది డాక్టర్‌ నిర్ణయం.

మనల్ని లోపలికి రానిస్తారా?
చేతులు కడుక్కుని, గౌను వేసుకుని తల్లిదండ్రులు బిడ్డ సంరక్షణలో పాల్గొనొచ్చని కేంద్రం 2017లో మార్గదర్శకాలిచ్చింది. ‘రక్తం తీసేటప్పుడు బిడ్డను నేను పట్టుకోవచ్చా?’ అని స్టాఫ్‌నర్సును అడగండి. బిడ్డ పరిస్థితి విషమంగా ఉంటే ఆగమనొచ్చు. అప్పుడు ఎప్పటి నుంచి వీలవుతుందో తెలుసుకోండి.

ఖర్చెంత?
జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాదిలోపు బిడ్డలు జబ్బుపడితే ప్రభుత్వాసుపత్రిలో చికిత్స, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. కంగారూ సంరక్షణకు, తల్లిపాలకు ఎలాగూ ఖర్చు లేదు. అడగడమే ముఖ్యం.