నకళ్ల సెక్షన్ నుంచి వీడియో సాక్ష్యం దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని మన కార్యదర్శి గారు కోరారు. నౌకరీలో ఉన్నంత కాలం నేను నకళ్లు రాసి, అసలుతో అక్షరం అక్షరం పోల్చి, "నిజమైన నకలు" అని ముద్ర వేసినవాణ్ణి. ఆ ముద్ర అవసరం నేడు కెమెరా బొమ్మల దాకా వచ్చింది. ఈ చరిత్ర మన ఇళ్లలోని పిల్లలకు కూడా పనికివస్తుందని తోచి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఒక అనుభవం. 2016లో మా మేనల్లుణ్ణి బోధన్ రోడ్డు మీద ఒక లారీ గుద్ది ఆగకుండా పోయింది. కుడి కాలు పనికిరాకుండా పోయింది. ఎదుటి దుకాణం కెమెరాలో సంగతంతా పడింది. మేము సంతోషించి, పెళ్లి వీడియోలు తీసే కుర్రవాడి చేత ఆ ముక్క వరకు కత్తిరించి, లారీ నంబరు పెద్దది చేయించి, బాణం గుర్తు కూడా పెట్టించి సీడీ చేయించాము. పని శుభ్రంగానే చేశాడు. కోర్టులో అవతలి వకీలు గారు ఒక్కటే అడిగారు: "దీని అసలు ఎక్కడ?" అప్పటికే దుకాణం యంత్రం పాతదాని మీద కొత్తది నింపుకున్నది. దుకాణదారు సర్టిఫికెటు కూడా మేము తీసుకోలేదు. జన్మంతా నకళ్లు పోల్చిన నాకే అసలును భద్రం చేయాలన్న బుద్ధి పుట్టలేదు గదా అని నేటికీ బాధపడుతుంటాను.

ఆ ప్రశ్న కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకులను విచారించినప్పుడు, 1945 నవంబరు 29న నిర్బంధ శిబిరాల ఫిల్మును కోర్టులో వేశారు. బొమ్మలను ఏ విధంగానూ మార్చలేదని తయారుచేసినవారు చేసిన ప్రమాణాన్ని ఆ ఫిల్ము మొదట్లోనే చూపించారు.

మన దేశంలో ఇటువంటి చర్చ ఒకటి ఇద్దరు తెలుగు పెద్దల పోటీ వల్ల వచ్చింది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డి గారిపై వి.వి.గిరి గారు గెలిచారు. ఆ ఎన్నికను సవాలు చేసిన కేసులో ఒక టేపు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. టేపును సాక్ష్యంగా తీసుకోవచ్చునని, అయితే దానిలో మాటలు చెరపటం, మార్చటం సులువు గనుక జాగ్రత్తగా చూడాలని 1970లో కోర్టు చెప్పింది. రాష్ట్రపతి పదవిలో ఉండి కూడా గిరి గారు స్వయంగా వెళ్లి వాంగ్మూలమిచ్చారు.

బొమ్మను మార్చకపోయినా, చూపించే తీరుతో అర్థం మారవచ్చు. 1991లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసులు కొట్టటం ఒకాయన వీడియో తీశాడు. పోలీసుల వకీళ్లు దాన్ని నెమ్మదిగా, ఒక్కొక్క బొమ్మగా ఆపి చూపించి, ప్రతి దెబ్బకూ ఒక సమర్థన చెప్పారు. 1992 ఏప్రిల్‌లో జ్యూరీ దాదాపు అన్ని అభియోగాలనూ కొట్టివేసింది. ఊరు అంటుకున్నది. మరుసటి సంవత్సరం ఫెడరల్ కోర్టులో ఇద్దరికి శిక్ష పడింది.

మన చట్టంలోకి వస్తే, 1872 నాటి సాక్ష్య చట్టంలో 65బి సెక్షను 2000లో చేరింది. ఎలక్ట్రానిక్ నకలుకు సర్టిఫికెటు తప్పదని 2014లో అన్వర్ కేసులోను, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులోను సుప్రీంకోర్టు చెప్పింది. అసలు యంత్రాన్నే దాని యజమాని తెచ్చి రుజువు చేస్తే సర్టిఫికెటు అక్కరలేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షను కింద ఆ సర్టిఫికెటులో "హాష్ విలువ" కూడా రాయాలి.

ఆ మాటకు భయపడనక్కరలేదు. 1937లో మొదలై 2015 చివర మూతపడిన మన బోధన్ షుగర్ ఫ్యాక్టరీ కాటా గుర్తుందా? తూచి చిట్టీ ఇచ్చిన తరువాత నాలుగు గడలు లాగేస్తే మళ్లీ తూచినప్పుడు బయటపడుతుంది. హాష్ అటువంటిదే. ఫైలు మొత్తం మీద కంప్యూటరు కట్టిన గుర్తు అది. ఒక్క బొమ్మ మారినా ఆ గుర్తు మారుతుంది.

హైదరాబాదు రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, డిటెక్టివ్ శిక్షణ సంస్థ ఉన్నాయి. 2022 మేలో అక్కడే జాతీయ సైబర్ ఫోరెన్సిక్ ప్రయోగశాల కూడా ప్రారంభమైంది. ఈ విద్యలో మొదటి పాఠం, అసలును ముట్టుకోకుండా నకలు మీదనే పనిచేయటం. కెమెరా గడియారం ఎంత ముందో, ఎంత వెనుకో రాసుకోవాలి. వెలుతురు పెంచినా, నంబరు పెద్దది చేసినా, ఏది ఎలా చేశారో వరుసగా రాయాలి. మరొకరు అదే వరుసలో చేస్తే అదే బొమ్మ రావాలి. నెమ్మదిగా చూపినప్పుడు మామూలు వేగంతో కూడా చూపాలి. పెళ్లి వీడియోకు అందం ముఖ్యం, కోర్టు వీడియోకు ఈ లెక్క ముఖ్యం.

కాబట్టి మిత్రులకు నా మనవి. మీ ఇంట ప్రమాదమో, దొంగతనమో జరిగితే వెంటనే కెమెరా యజమానిని కలిసి రికార్డు చెరగకుండా ఆపించండి. పోలీసులకు రాతపూర్వకంగా చెప్పండి. కత్తిరించకండి, పాట కలపకండి. వాట్సాప్‌లో పంపితే ఫైలు మారిపోతుంది, అసలు ఫోనును దాచండి. సర్టిఫికెటు సంగతి వకీలును అడగండి.

మా మేనల్లుడు ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాడు. ఆ రోజు ఈ నాలుగు మాటలు మాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.