ఆమ్లం ముందు నిలిచేదేది? దంతపూరకాల చరిత్ర

వృత్తిలో ఉన్న రోజులలో నా వద్ద చాలాకాలం వైద్యం పొందిన ఒక ఉపాధ్యాయురాలి గురించి ముందుగా చెప్పాలి. ఛాతీలో మంట, పడుకోగానే గొంతులోకి పుల్లని నీరు ఎగదన్నుకు రావడం ఆమెకు ఏళ్ళ తరబడి ఉన్న బాధలు. నేను మందులు రాసి ఇచ్చేవాడిని. మంట తగ్గగానే ఆమె మందులు ఆపివేసేవారు, కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేవారు. ఆ కాలంలోనే ఆమె ముందుపళ్ళకు వేయించుకున్న పంటిరంగు ఫిల్లింగులు ఒకదాని తరువాత ఒకటి ఊడిపోతూ వచ్చాయి. దంతవైద్యుడు వేయడం, అవి ఊడడం, తిరిగి వేయడం జరుగుతూనే ఉంది. ఒకనాడు మాటల మధ్య ఆమె ఆ సంగతి చెప్పినప్పుడు, తొలిసారిగా టార్చిలైటు వేసి ఆమె నోరు చూశాను. పై ముందుపళ్ళ లోపలి వైపు అరిగి, పలుచబడి, నున్నగా మెరుస్తున్నది. దవడపళ్ళలోని పాత వెండి ఫిల్లింగులు, నీరు తగ్గిన చెరువులో రాళ్ళు బయటపడినట్లు, చుట్టూ ఉన్న పంటి కంటె ఎత్తుగా నిలిచి ఉన్నాయి. ఫిల్లింగులు పెరగలేదు, పళ్ళే కరిగి కిందికి దిగాయి.

ఆమె కడుపుకు మందిచ్చిన నేను నోరు చూడలేదు. నోటిని బాగుచేసిన దంతవైద్యుడు కడుపు గురించి అడగలేదు. ఆ లోపమే ఈ వ్యాసం రాయడానికి కారణం. పంటి గుంటలను పూడ్చడానికి మానవుడు వాడిన పదార్థాల చరిత్రను చూస్తే, ఆ లోపం మా ఇద్దరితో మొదలయినది కాదని మీకే తెలుస్తుంది.

తేనెమైనం నుండి పాదరసం వరకు

స్లొవేనియాలోని లోన్చె గ్రామం వద్ద దొరికిన, సుమారు 6,500 సంవత్సరాల నాటి దవడ ఎముకలో ఒక కోరపన్ను పగులును తేనెమైనంతో పూడ్చిన ఆనవాలు కనిపించింది. శాస్త్రజ్ఞులు 2012లో దానిని ప్రకటించారు. మనకు తెలిసిన అతి ప్రాచీన దంతపూరకాలలో అది ఒకటి. 15వ శతాబ్దంలో ఇటలీ వైద్యుడు జొవాన్ని దార్కోలి పుచ్చుపళ్ళను బంగారు రేకుతో నింపవచ్చునని రాశాడు. బంగారం తుప్పు పట్టదు. కడుపులోని ఆమ్లం దానిని కరిగించలేదు. మన్నికలో దానికి సాటి వచ్చినవి తక్కువ. అయితే అది కలిగినవారి వైద్యం. పేదవారికి పన్ను పీకించుకోవడమే దారి.

1833లో క్రాకోర్ సోదరులు ఐరోపా నుండి న్యూయార్క్ చేరి, వెండి, పాదరసాల మిశ్రమాన్ని ఘనమైన పేరుతో ప్రచారం చేశారు. వారి పనితనం నాసిరకమైనది. దానితో అమెరికా దంతవైద్యులు రెండు వర్గాలుగా చీలిపోయారు. 1840లో ఏర్పడిన అమెరికా దంతశస్త్రవైద్యుల సంఘం, అమాల్గం వాడబోమని 1845లో సభ్యులచేత ప్రతిజ్ఞ చేయించింది. ఆ పంతం సంఘాన్నే మింగివేసింది. 1856లో అది రద్దయింది. 1890ల నాటికి జి.వి. బ్లాక్ వెండి, తగరాల పాళ్ళను ప్రయోగాలతో సరిచేసి, ఆకారం మారని అమాల్గాన్ని రూపొందించాడు. చవకగా, గట్టిగా ఉండే ఆ మిశ్రమం ఆ తరువాత నూరేళ్ళకు పైగా ప్రపంచమంతటా సామాన్యుని పంటిని కాపాడింది.

పాదరసం వల్ల కలిగే పర్యావరణ హాని దృష్ట్యా 2013లో జపాన్‌లో కుదిరిన మినమాటా ఒప్పందం అమాల్గం వాడకాన్ని తగ్గించాలని నిర్దేశించింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుండి, ప్రత్యేక అవసరాలు మినహా, దానిని నిషేధించింది. అది తప్పుకొనే కొద్దీ దాని స్థానంలోకి వచ్చే పదార్థాలు ఆమ్లాన్ని ఎంతవరకు తట్టుకోగలవన్న ప్రశ్న మరింత ముఖ్యమవుతున్నది.

కడుపులోని ఆమ్లం, నోటిలోని బ్రష్షు

జఠరరసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని ఇంగ్లండుకు చెందిన విలియం ప్రౌట్ 1823-24లో నిరూపించాడు. ఆమ్లతీవ్రతను పీహెచ్ అనే కొలతతో చెబుతాము. సంఖ్య తగ్గే కొద్దీ ఆమ్లం బలపడుతుంది, ఒక్కొక్క అంకెకు పది రెట్ల చొప్పున. పంటి పైపొర అయిన ఎనామిల్ సుమారు 5.5 వద్ద కరగడం ఆరంభిస్తుంది. జఠరరసం పీహెచ్ 1 నుండి 2 వరకు ఉండవచ్చు. 5.5కూ 1.5కూ తేడా నాలుగే అని తోచవచ్చు. నిజానికి ఆమ్లబలంలో అది పదివేల రెట్లు.

పళ్ళు పుచ్చడానికి సూక్ష్మజీవులు తయారు చేసే ఆమ్లమే కారణమని 1890లో గ్రంథరూపంలో వివరించిన డబ్ల్యు.డి. మిల్లర్, బెర్లిన్‌లో పనిచేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు. ఆయన తన జీవితపు చివరి సంవత్సరమైన 1907లో, పుచ్చు లేకుండానే పళ్ళు అరిగిపోవడంపై తన ప్రయోగాలను ప్రచురించాడు. పళ్ళను బ్రష్షుతో, పలురకాల పళ్ళపొడులతో తోమించి చూశాడు, ఆమ్లాలకూ గురిచేశాడు. పన్ను అరగడంలో బ్రష్షు కంటె పొడిలోని గరుకుదనానిది పెద్ద పాత్ర అని తేల్చాడు.

ఈ మాట మన ఇళ్ళకు కూడ వర్తిస్తుంది. మన పెద్దలు కచ్చికతోను, బొగ్గుపొడితోను, ఇటుకపొడితోను పళ్ళు తోముకొనేవారు. ఇటుకపొడిలోని ఇసుకరేణువు ఎనామిల్ కంటె గట్టిది. పళ్ళు తెల్లబడ్డాయని వారు సంతోషించిన చోట, పంటి పైపొర కూడ కొంత పోయి ఉంటుంది. నేటి పేస్టుల గరుకుదనాన్ని కొలవడానికి రేడియోధార్మికత గల పంటి నమూనాలతో చేసే పరీక్ష 1958 నుండి అభివృద్ధి చెందింది. ఆ కొలతలో 250కి మించిన పేస్టు తగదని అంతర్జాతీయ ప్రమాణం.

ఆమ్లం, రాపిడి ఒకదానికొకటి తోడయినప్పుడు నష్టం పెరుగుతుంది. ఆమ్లం తగిలిన ఎనామిల్ వెంటనే పూర్తిగా కరిగిపోదు. పైన సన్నని పొర మెత్తబడుతుంది. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటులు ఆ పొరను మెల్లమెల్లగా తిరిగి గట్టిపరుస్తాయి. ఆలోగానే బ్రష్షుతో రుద్దితే ఆ మెత్తని పొర ఊడివస్తుంది. వాంతి అయిన వెంటనే నోటిలోని రుచి పోవాలని గట్టిగా పళ్ళు తోముకోవడం మనకు సహజంగా తోచే పని. పంటికి చేటు చేసే పని కూడ అదే.

పంటిరంగు కోసం అన్వేషణ

ముందుపళ్ళలో బంగారం, వెండి మెరవడం చాలామందికి ఇష్టం ఉండదు. 20వ శతాబ్దారంభంలో గాజుపొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపి చేసిన సిలికేట్ సిమెంటు అచ్చం పంటిరంగులో ఉండి అందరినీ ఆకర్షించింది. దానిలోనుండి వెలువడే ఫ్లోరైడు వల్ల దాని అంచుల వద్ద పన్ను మళ్ళీ పుచ్చడం అరుదు. కాని నోటిలోని ఆమ్లాలకు అది తానే కరిగిపోయేది. గరుకెక్కి, మరకలు పట్టి, కొన్నేళ్ళకు గుంటపడేది. పంటిని కాపాడుతూ తాను కరిగిపోవడం దాని స్వభావం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వచ్చిన అక్రిలిక్ ప్లాస్టిక్కు ఆమ్లానికి అంతగా లొంగలేదు, కాని గట్టిపడేటప్పుడు కుంచించుకొనిపోయి అంచుల వద్ద సందు వదిలేది. మెత్తనిది కనుక బ్రష్షుకు అరిగిపోయేది. ఒకటి ఆమ్లానికి ఓడింది, మరొకటి రాపిడికి ఓడింది.

1955లో మైకేల్ బ్యూనొకోర్ ఒక విచిత్రమైన ఉపాయం కనిపెట్టాడు. ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ఎనామిల్ మీద కొద్దిసేపు ఉంచి కడిగితే, ఉపరితలంపై కంటికి కనపడని గరుకుదనం ఏర్పడి, ప్లాస్టిక్కు దానిని గట్టిగా పట్టుకొంటుంది. పంటికి శత్రువైన ఆమ్లమే కొలత ప్రకారం వాడినప్పుడు జిగురుకు తోడయింది. 1962లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తున్న రాఫెల్ బోవెన్, బిస్-జిఎంఏ అనే రెసిన్‌లో గాజురేణువులను కలిపి, రెండింటినీ రసాయనికంగా బంధించి, పేటెంటు పొందాడు. నేడు మీ నోటిలో ఉన్న కాంపోజిట్ ఫిల్లింగుకు అదే మూలపురుషుడు.

తొలి కాంపోజిట్లలో రేణువులు పెద్దవి. బ్రష్షు మెత్తని రెసిన్‌ను అరగదీయగా రేణువులు పైకి పొడుచుకొని వచ్చి, ఉపరితలం గరుకుకాగితంలా తయారయ్యేది. అప్పటి నుండి పరిశ్రమ చేసిన ప్రయత్నమంతా రేణువును చిన్నది చేయడమే. ఈ శతాబ్ది ఆరంభానికి అది నానో పరిమాణానికి చేరింది.

1972లో లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలకు చెందిన విల్సన్, కెంట్ గ్లాస్ అయొనోమర్ అనే కొత్త సిమెంటును దంతవైద్యులకు పరిచయం చేశారు. సిలికేట్ లాగే అది ఫ్లోరైడును ఇస్తుంది. పైగా పంటికి రసాయనికంగా తానే అతుక్కొంటుంది. 1980లలో టాంజానియాలో, విద్యుత్తు, డ్రిల్లు లేని చోట చేతి పనిముట్లతో పుచ్చును తొలగించి ఈ సిమెంటుతో పూడ్చే పద్ధతి రూపొందింది. 1994లో ప్రపంచ ఆరోగ్య దినోత్సవాన్ని నోటి ఆరోగ్యానికి అంకితం చేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని ప్రోత్సహించింది. పేదలకు ఎంతో మేలు చేసిన ఈ సిమెంటుకు ఆమ్లమే పెద్ద బలహీనత. కడుపులోని ఆమ్లం పదే పదే పైకివచ్చే నోటిలో అది త్వరగా కరిగి అరుగుతుంది.

ప్రయోగశాల చెప్పేది, చెప్పనిది

1985లో జూరిక్‌లో వెర్నర్ మ్యోర్మన్ తొలిసారిగా కంప్యూటరుతో చెక్కిన పింగాణీ పూరకాన్ని రోగికి అమర్చాడు. ఆ తరువాత లిథియం డైసిలికేట్, జిర్కోనియా, పింగాణీ రెసిన్‌ల సంకరాలు వచ్చాయి. వీటి మన్నికను పరీక్షించడానికి పరిశోధకులు నమూనాలను జఠరరసాన్ని పోలిన ఆమ్లంలో నానబెట్టి, యంత్రానికి బిగించిన బ్రష్షులతో వేలసార్లు రుద్ది, గరుకుదనం, మెరుపు, కాఠిన్యం కొలుస్తారు. మొత్తం మీద జిర్కోనియా, గట్టి పింగాణీలు బాగా తట్టుకొంటాయి. రెసిన్ ఉన్నవి మెరుపు కోల్పోయి గరుకెక్కుతాయి. గ్లాస్ అయొనోమర్ ఎక్కువగా దెబ్బతింటుంది. గరుకుదనం సగటున 0.2 మైక్రాన్లు దాటితే సూక్ష్మజీవులు ఎక్కువగా పేరుకొంటాయని 1997లో ఒక సమీక్ష సూచించింది. కనుక ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

అయితే యంత్రంలో పెట్టిన నమూనా చుట్టూ పన్ను ఉండదు. మీ నోటిలో ఉంటుంది. జిర్కోనియా చెక్కుచెదరకపోయినా, దాని అంచున ఉన్న పన్ను కరిగిపోతే అక్కడ సందు పడుతుంది, పుచ్చు మొదలవుతుంది, పూరకం ఊడుతుంది. ఆ ఉపాధ్యాయురాలి వెండి ఫిల్లింగులు గెలిచాయి. ఆమె పళ్ళు ఓడిపోయాయి. ఆమ్లం ఎక్కడి నుండి వస్తున్నదో కనుగొని ఆపకుండా పదార్థాన్ని మాత్రమే మార్చడం, పైకప్పు కారుతుండగా గోడకు సున్నం వేయడం వంటిది.

ఈ జాడను దంతవైద్యులు ముందే గమనించారు. 1939లో హోల్స్ట్, లాంగే అనే ఇద్దరు, తరచుగా వాంతులయ్యే వారి పళ్ళ లోపలి వైపు జరిగే ఈ కరుగుదలకు పెరిమైలోలైసిస్ అని పేరు పెట్టారు. 1979లో లండన్ మనోవైద్యుడు జెరాల్డ్ రసెల్, అతిగా తిని తరువాత బలవంతంగా వాంతి చేసుకొనే బులీమియా వ్యాధిని వర్ణించాడు. యువతులలో ఎక్కువగా కనిపించే ఆ రహస్యాన్ని తల్లిదండ్రుల కంటె ముందు పళ్ళు బయటపెట్టే సందర్భాలు ఉన్నాయి. వేవిళ్ళతో బాధపడే గర్భిణులు, మద్యపానం వల్ల తరచుగా వాంతులయ్యేవారు, పుల్లని తేన్పులను అలవాటుగా భరించేవారు కూడ ఈ కోవలోనివారే.

మీరు చేయవలసినది

వాంతి అయినప్పుడు, లేదా పుల్లనీరు నోటిలోకి వచ్చినప్పుడు వెంటనే బ్రష్షు పట్టకండి. మంచినీటితో, లేదా ఒక గ్లాసు నీటిలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మివేయండి. కనీసం అరగంట, వీలయితే గంట ఆగిన తరువాత, మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు పేస్టుతో నెమ్మదిగా తోముకోండి. పళ్ళను తెల్లబరుస్తామని చెప్పే గరుకు పొడులను, బొగ్గు పేస్టులను దూరంగా ఉంచండి. ఛాతీలో మంట వారానికి రెండు సార్లు కంటె ఎక్కువగా వస్తుంటే వైద్యుని సంప్రదించండి. మంట తగ్గిందని మందును మీ అంతట మీరే ఆపకండి.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. ఫిల్లింగు తరచుగా ఊడిపోతుంటే, దంతవైద్యునికి మీ కడుపు సంగతి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. వాంతుల సంగతి చెప్పడానికి సిగ్గుపడవద్దు. అది వ్యాధే గాని తప్పు కాదు. అలాగే నావంటి వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు, ఒకసారి నోరు చూడమని అడగండి.

ఆ ఉపాధ్యాయురాలికి ఆ తరువాత మందులు క్రమం తప్పకుండా వాడించాము. రాత్రి భోజనం పెందలకడనే ముగించి, మంచం తలవైపు ఎత్తు పెట్టుకోవడం ఆమె అలవాటు చేసుకొన్నారు. ఆపైననే దంతవైద్యుడు ముందుపళ్ళను మళ్ళీ సరిచేశారు. ఈసారి వేసినది కూడ మునుపటి వంటి కాంపోజిట్ పూరకమే. నేను పదవీ విరమణ చేసేనాటికి అది నిలిచే ఉన్నది.