సర్వంసహకు దాహమైతే

అమరకోశం భూమికి చెప్పిన పేర్లలో అనంత ఒకటి, సర్వంసహ మరొకటి. అన్నిటినీ ఓర్చుకొనేది కనుక సర్వంసహ. మన ఇళ్ళలోని కరెంటు దోషాలను సైతం ఆ తల్లి ఓర్చుకొంటుందన్న నమ్మకం మీదనే ఎర్తింగు నిలిచి ఉన్నది. అనంతపురం వంటి కరవు సీమలో ఆ నమ్మకానికొక షరతు ఉన్నది. అదే ఈ టపాకు విషయం.

1902లో కావేరి మీది శివనసముద్రం నుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు చేరింది. 1957లో మా తుంగభద్ర జలవిద్యుత్తు మొదలైంది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ మండలి ఏర్పడింది. పరికరాల లోహపు తొడుగులను భూమితో కలపవలెనని 1956 నాటి భారత విద్యుత్ నియమాలు విధించాయి. మూడు కాళ్ళ ప్లగ్గులో ఒక కాలు పొడవుగా, లావుగా ఉండేది అందుకే. అది ముందుగా తగిలి, చివరగా విడుతుంది.

1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ రూపొందించిన వాక్యూమ్ క్లీనరును మన దేశంలో 1982 నుండి యురేకా ఫోర్బ్స్ వారు ఇంటింటికీ తిరిగి అమ్మారు. ఇల్లంతా ఈడ్చే యంత్రం కనుక దాని వైరు మొదట్లో మడతపడి, లోపలి పోగులు తెగుతాయి. ఫేజు తీగ రేకు బాడీకి తగిలితే బాడీ అంతా కరెంటే.

మా వీధిలో ఒక ఇల్లాలికి అట్లే చేయి ఝల్లుమంది. మెకానిక్ విప్పి చూస్తే, మునుపెవరో మూడు తీగల వైరు తీసి రెండు తీగలది వేసి ఉన్నారు. అతడు వైరు మార్చి, ఫేజుకూ ఎర్తుకూ నడుమ టెస్టు లాంపు పెట్టి చూశాడు. అది మినుకుమినుకుమన్నది. పెరట్లోని ఎర్తు గుంత ఎండి గట్టిపడి ఉంది.

ఇందులోని లెక్క సులభమే. గుంత నిరోధం 100 ఓములైతే 230 వోల్టులకు పారేది 2.3 ఆంపియర్లే. 5 ఆంపియర్ల ఫ్యూజు కదలదు, బాడీలో కరెంటు నిలిచే ఉంటుంది. గుంతలో ఉప్పు, బొగ్గు వేసేది తేమ నిలిపి నిరోధం తగ్గించడానికే. కానీ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, కింద గరుసు నేల, ఆ కింద రాతి బండ! ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టిన ఇంట గుంతకు నీళ్ళు పోయమంటే ఎవరికి మనసొప్పుతుంది?

అంట్లు కడిగిన నీళ్ళు చాలును. 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటును తెంచే ఆర్.సి.సి.బి. పెట్టించుకొంటే మరీ మేలు. చతురస్రంలో చతురస్రం గుర్తున్న యంత్రాలకు రెట్టింపు ఇన్సులేషన్ ఉంటుంది కనుక వాటికి ఎర్తు తీగ అక్కరలేదు. ఆ గుర్తు లేని రేకు బాడీ యంత్రానికి మాత్రం మూడో తీగ తప్పనిసరి.

మీ ఇంటి ఎర్తు గుంత ఎక్కడున్నదో మీకు తెలుసునా? చదువరులు ఒకసారి పెరట్లోకి వెళ్ళి చూడగలరు.