చేత మోసిన కంప్యూటరు

ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను విద్యార్థికి ల్యాప్‌టాప్ కొనియిచ్చుట పెక్కు గృహములకు చిన్న వ్యయము కాదు. వెల తగ్గినంత మాత్రమున లాభము కలుగునా? ఆ యంత్రపు పూర్వచరిత్ర ఇందుకు సమాధానము చెప్పుచున్నది.

బాల్యమును తిరువణ్ణామలైలో గడపిన ఆడమ్ ఆస్బర్న్, 1981లో అమెరికాలో 'ఆస్బర్న్ 1' అను కంప్యూటరును విక్రయమునకు తెచ్చెను. బరువు సుమారు 11 కిలోలు. పెట్టెవలె చేతబట్టి మోయవలసినదే. వెల 1,795 డాలర్లు. వ్రాతపనికి, లెక్కలకు, బేసిక్ భాషలో ప్రోగ్రాములకు వలయు సాఫ్ట్‌వేర్ ఆ వెలలోనే చేరియుండెను. అందువలన అది వేలకొలదిగా అమ్ముడుపోయెను.

అయితే తెర 5 అంగుళములే. వరుసకు 52 అక్షరములు మాత్రమే కనబడును. నాటి ప్రోగ్రాముల వరుసలు 80 అక్షరముల దాక సాగెడివి. శేషభాగమును చదువుటకు తెరను ప్రక్కకు జరుపుచుండవలెను. 1982లో వచ్చిన కేప్రో యంత్రము, అంతకు మించని వెలకే, 9 అంగుళముల తెరపై 80 అక్షరములను చూపెను. పోటీ పెరిగెను, 1983లో ఆస్బర్న్ సంస్థ దివాలా తీసెను.

నేడును పరీక్ష యిదియే. 16 గిగాబైట్ల ర్యామ్, ఎస్.ఎస్.డి., కంటికి హాయియైన తెర, మంచి కీబోర్డు: వీనియందు పొదుపు తగదు. పలుచదనము, ఆటలకై చేర్చిన గ్రాఫిక్సు వదలుకొనవచ్చును. ర్యామ్‌ను పిమ్మట పెంచ వీలగునా యని ముందే అడుగవలెను. కార్యాలయములలో కొన్నేండ్లు వాడి అమ్మిన గట్టి యంత్రము, ఒక్కొక్కప్పుడు, అదే వెలకు వచ్చు క్రొత్త నాసి యంత్రముకంటె మేలు.