కోనిగ్‌స్టైన్: శరణార్థుల లెక్కకు పేరిచ్చిన కోట ఊరు

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి దగ్గర్లో, టౌనుస్ అడవి కొండల మధ్య ఉన్న చిన్న పట్టణం కోనిగ్‌స్టైన్. హెస్సెన్ రాష్ట్రంలోకి వస్తుంది. శాక్సనీలో పెద్ద కోట ఉన్న కోనిగ్‌స్టైన్ వేరు, ఇది వేరు.

శిథిలమైన ఖిల్లా

ఊరి పైన కొండ మీద ఉన్న ఖిల్లాను 1796లో ఫ్రెంచ్ సైన్యం పేల్చేసింది. తర్వాత ఊరి జనం ఆ రాళ్లు తెచ్చుకుని ఇళ్లు కట్టుకున్నారు. మిగిలిన గోడలు, బురుజు చూడడానికి ఇప్పటికీ జనం వస్తుంటారు. ఇక్కడి గాలి ఆరోగ్యానికి మంచిదని పేరు. అందుకే ఫ్రాంక్‌ఫర్ట్ ధనికులు ఇక్కడ బంగళాలు కట్టుకున్నారు.

వాటిలో ఒకటి యూదు బ్యాంకర్ల కుటుంబం రోత్‌షిల్డ్‌లది. నాజీల కాలంలో ఆ కుటుంబం బంగళా వదులుకుని దేశం దాటాల్సి వచ్చింది. యుద్ధం తర్వాత అదే ఇంట్లో రాష్ట్రాల నాయకులు కూర్చుని కొత్త జర్మనీ గురించి చర్చించారు.

ఏమిటీ లెక్క?

పరిశోధన సంస్థల ఖర్చును రాష్ట్రాలు పంచుకోవడానికి 1949లో ఈ ఊరి పేరుతో ఒక ఒప్పందం కుదిరింది. అందులోంచి వచ్చిందే 'కోనిగ్‌స్టైన్ సూత్రం'. రాష్ట్రం పన్నుల రాబడికి రెండు వంతులు, జనాభాకు ఒక వంతు విలువ ఇస్తారు. ఉదాహరణకు దేశం మొత్తం పన్నుల్లో 9 శాతం, జనాభాలో 6 శాతం ఉన్న రాష్ట్రానికి వాటా 8 శాతం. ఈ వాటాలను ఏటా కొత్తగా లెక్కిస్తారు.

డబ్బు పంచడానికి పుట్టిన ఈ లెక్కతోనే ఇప్పుడు ఆశ్రయం కోరి వచ్చినవారిని 16 రాష్ట్రాలకు పంచుతున్నారు. 2015లో సుమారు 8.9 లక్షల మంది వచ్చారు. వారిలో సిరియన్లే ఎక్కువ. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాకు ఐదో వంతు పైగా, చిన్న బ్రెమెన్‌కు ఒక శాతం దాకా వాటా పడుతుంది.

కుటుంబాల మాటేమిటి?

భార్యాభర్తలను, మైనర్ పిల్లలను విడదీయకుండా చూడాలి. అన్నదమ్ములు, మేనమామలు వేరే రాష్ట్రంలో ఉన్నారని చెబితే మాత్రం మామూలుగా కుదరదు. ఎక్కడ ఉండాలో ఎంచుకునే హక్కు శరణార్థికి లేదు. ఏ రాష్ట్రం మీదా భారమంతా పడకూడదన్నది సర్కారు న్యాయం. అయినవాళ్ల దగ్గర ఉంటే త్వరగా నిలదొక్కుకుంటామన్నది వచ్చినవాళ్ల గోడు. ఈ సూత్రంలో పన్నులకు, జనాభాకు చోటుంది, చుట్టరికానికి లేదు.