మిర్చి తోటలో ఆరు గంటలు: చదువుకునే వయసు, పనివేళల చట్టాల చరిత్ర

ఈ రోజు వ్యాసాన్ని మ్యాప్ ముందు పెట్టుకుని చదవండి. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన సుక్మా జిల్లా, అందులో కోంటా బ్లాక్, ఆ బ్లాక్‌లో కిష్టారం. సరిహద్దు దాటితే మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల, దుమ్ముగూడెం మండలాలు. ఈ వైపు పల్లెల్లో కోయ, దోర్ల భాషలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. ఏటా మిర్చి కోతల కాలంలో బస్తర్ పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాల తోటలకు వస్తాయి. కోతలు ముమ్మరంగా సాగేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. బడి పరీక్షలు జరిగేదీ అప్పుడే.

ఇప్పుడు ప్రశ్న. కిష్టారం వైపు నుంచి పదహారేళ్ల విద్యార్థి తల్లిదండ్రులతో కలిసి తోటకు వచ్చాడనుకుందాం. అతను రోజుకు ఎన్ని గంటలు పనిచేయవచ్చు? అతని పేరున ఎవరైనా చందా కడతారా? దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? 'చట్టమేమీ లేదు' అని రాస్తే మార్కులు పోతాయి. చట్టం ఉంది. అది ఎలా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ పాఠం.

1. ఇంగ్లండ్‌లో సగం బడి, ఇక్కడ ఖాళీ సగం

పారిశ్రామిక విప్లవం చాప్టర్‌లో 1833 ఫ్యాక్టరీ చట్టం మీరు చదివే ఉంటారు. వస్త్ర మిల్లుల్లో 9 నుంచి 13 ఏళ్ల లోపు పిల్లలకు వారానికి 48 గంటల పరిమితి, రోజుకు 2 గంటల చదువు. 1844 చట్టం ఇంకో అడుగు వేసి పిల్లల పనిని ఆరున్నర గంటలకు తగ్గించింది, సగం రోజు మిల్లు, సగం రోజు బడి అన్న పద్ధతిని స్థిరపరిచింది. వీళ్లనే 'హాఫ్ టైమర్లు' అన్నారు. 1918 విద్యా చట్టంతో ఆ పద్ధతికే స్వస్తి పలికారు. పని గంట తగ్గిన ప్రతిసారీ ఆ గంట బడికి వెళ్లాలన్నది అక్కడి సూత్రం.

అదే బ్రిటన్ భారత్‌లో ఏం చేసిందో ఈ వరుసలో చూడండి:

- 1881 (రిపన్ కాలం): 7 ఏళ్ల లోపు వారికి పని నిషేధం, 7–12 ఏళ్ల వారికి 9 గంటలు. యంత్రశక్తి వాడుతూ 100 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలకే వర్తింపు.
- 1891: కనీస వయసు 9, 9–14 ఏళ్ల వారికి 7 గంటలు.
- 1911: వస్త్ర మిల్లుల్లో పిల్లలకు 6 గంటలు.
- 1922: కనీస వయసు 12, 12–15 ఏళ్ల వారికి 6 గంటలు.
- 1934: అదే వయసు వారికి 5 గంటలు.
- 1948: కనీస వయసు 14, 15 నిండని వారికి నాలుగున్నర గంటలు, రాత్రి పని నిషేధం.

తొమ్మిది నుంచి నాలుగున్నర. 67 ఏళ్లలో సరిగ్గా సగం. గొప్ప ప్రగతే. కానీ వరుస మొత్తంలో ఒక మాట కనబడదు: బడి. పిల్లవాడి పని గంటలను తగ్గించిన వలస ప్రభుత్వం, మిగిలిన గంటల్లో అతను ఎక్కడ ఉండాలో చెప్పలేదు. గోపాలకృష్ణ గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు తెచ్చినప్పుడు 1912లో శాసన మండలిలో అది ఓడిపోయింది. బడి లేని ఖాళీ సమయాన్ని ఇంకో మిల్లు తీసుకునే ప్రమాదం ఉంటుంది. అందుకే 1948 చట్టం 71వ సెక్షన్, ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన బాలుణ్ణి అదే రోజు మరో ఫ్యాక్టరీలో పెట్టుకోకూడదని విడిగా చెప్పాల్సి వచ్చింది.

1881 చట్టం వెనుక మానవత్వం ఒక్కటే లేదన్నదీ గుర్తుంచుకోండి. బొంబాయి మిల్లుల చౌక సరుకు తమకు పోటీ కాకూడదని లాంకషైర్ యజమానులు ఒత్తిడి తెచ్చారు. రెండు కోణాలూ రాస్తేనే సమాధానం నిండుగా ఉంటుంది.

2. రాజ్యాంగం గీసిన గీత, తెలుగు నేల వేసిన ప్రశ్న

ఆర్టికల్ 24 పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీలు, గనులు, ఇతర ప్రమాదకర పనుల్లో పెట్టడాన్ని నిషేధించింది. అంటే అన్ని పనులనూ కాదు. 1979లో గురుపాదస్వామి కమిటీ, పేదరికం ఉన్నంతకాలం బాలల పనిని పూర్తిగా తీసేయలేమని, ప్రమాదకరమైన చోట నిషేధించి మిగతా చోట్ల నియంత్రించాలని చెప్పింది. 1986 బాల కార్మిక చట్టం ఆ దారిలోనే నడిచింది. 1996లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకరం కాని పనిలో ఉన్న పిల్లలకు రోజుకు 4 నుంచి 6 గంటలకు మించి పని ఉండకూడదనీ, కనీసం 2 గంటల చదువు యజమాని ఖర్చుతో చెప్పించాలనీ ఆదేశించింది. 1833 నాటి ఇంగ్లండ్ సూత్రం మనకు చేరడానికి 163 ఏళ్లు పట్టిందన్నమాట.

ఆ పాటికే తెలుగు నేల మీద ఇంకో వాదం పుట్టింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాల కార్మికుల మధ్య పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో తేల్చి చెప్పింది: బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే. సగం పని, సగం రాత్రిబడి అన్న రాజీ వద్దు, పూర్తికాలపు పగటి బడే కావాలి. పనిలో ఉన్న పిల్లలను తరగతి స్థాయికి తెచ్చేందుకు వాళ్లు నడిపిన బ్రిడ్జి క్యాంపులు దేశానికి నమూనా అయ్యాయి. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి చైర్‌పర్సన్ అయ్యారు. 2002లో 86వ సవరణ ఆర్టికల్ 21ఎ తెచ్చింది, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. దాంతో 6–14 ఏళ్ల పిల్లల పగలు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరికింది: బడిది.

కానీ 14 దాటగానే ఆ జవాబు ఆగిపోతుంది. మన పదహారేళ్ల విద్యార్థి ఉన్నది సరిగ్గా అక్కడే.

3. చందా ఎవరికి, ఎవరికి కాదు

గంటల నుంచి ఇప్పుడు భద్రతకు వద్దాం. ఈఎస్ఐ చట్టం 1948లో, ఈపీఎఫ్ చట్టం 1952లో వచ్చాయి. ఈఎస్ఐలో 2019 జులై 1 నుంచి యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఈపీఎఫ్‌లో సాధారణంగా ఇద్దరిదీ చెరి 12 శాతం. జబ్బు చేస్తే వైద్యం, పని మానేస్తే చేతికొచ్చే సొమ్ము, ముసలితనంలో పెన్షన్, అన్నీ ఈ చందా వెంటే వస్తాయి.

మరి చదువుకుంటూ, నేర్చుకుంటూ పనిచేసేవాడి సంగతి? 1961 అప్రెంటిస్‌ల చట్టం 18వ సెక్షన్ చూడండి. అప్రెంటిస్ అంటే శిక్షణ పొందేవాడు, కార్మికుడు కాడు; కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. ఈఎస్ఐ, ఈపీఎఫ్ చట్టాలు కూడా 'ఉద్యోగి' నిర్వచనం నుంచి ఈ చట్టం కింద చేరిన అప్రెంటిస్‌ను మినహాయించాయి. అతనికి వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. పూర్తిగా గాలికి వదిలేయలేదు: 16వ సెక్షన్ కింద పనిలో గాయపడితే యజమాని పరిహారం చెల్లించాలి, ఫ్యాక్టరీలో ఆరోగ్య, భద్రతా నిబంధనలూ వర్తిస్తాయి. చందా మాత్రం లేదు. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలోనూ నెలవారీ సాయం, బీమా ఉన్నాయి, పీఎఫ్ లేదు.

దీని వెనుక వాదం సులువే: చందా భారం పెడితే యజమానులు కుర్రాళ్లకు పని నేర్పరు. ఎదుటి వాదమూ అంతే బలమైనది: అదే పనిని స్టైపెండ్ పేరుతో చౌకగా చేయించుకోవచ్చు. మెయిన్స్‌లో రెండూ రాయండి.

పోలికకు రెండు దేశాలు చాలు. అమెరికాలో ఎఫ్-1 వీసాపై ఉన్న మన విద్యార్థులు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేయవచ్చు. మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ పన్ను ఉండదు. జర్మనీలో పనిచేసే విద్యార్థికీ సెమిస్టర్‌లో 20 గంటల పరిమితి ఉంది. ఉద్యోగి హోదాలో ఆరోగ్య, నిరుద్యోగ బీమా చందా మినహాయించినా పెన్షన్ చందా మాత్రం కడతారు. రెండు చోట్లా 'విద్యార్థి' అన్నది నియమాల్లోనే ఉన్న వర్గం. మన దగ్గర వర్గాలు బాలుడు, కౌమారుడు, అప్రెంటిస్, కార్మికుడు. విద్యార్థి అన్న పేరుతో గడి లేదు.

4. నిర్వచనంలో దాగిన 'పొలం'

2016లో 1986 చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ల లోపు వారికి దాదాపు అన్ని పనులూ నిషిద్ధం. మినహాయింపులు రెండు: బడి వేళల తరువాత లేదా సెలవుల్లో సొంత కుటుంబ పనిలో సాయం, బాల నటులు. 14 నుంచి 18 ఏళ్ల వారిని కౌమారులన్నారు. వారికి ప్రమాదకర పనులు నిషేధం. మిగతా పనుల్లో పనివేళల నియంత్రణ ఉంది.

ఆ నియంత్రణ ఇది: ఏకబిగిన 3 గంటలకు మించి పని వద్దు, తరువాత కనీసం గంట విశ్రాంతి, విశ్రాంతితో కలిపి మొత్తం 6 గంటలకు మించకూడదు, రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని లేదు, ఓవర్‌టైమ్ లేదు, అదే రోజు మరో చోట పని లేదు, వారానికి ఒక సెలవు. ఇవి ఎక్కడ వర్తిస్తాయి? 'ఎస్టాబ్లిష్‌మెంట్'లో. దాని నిర్వచనం తెరిచి చూడండి. దుకాణం, వర్క్‌షాప్, హోటల్, థియేటర్‌లతో పాటు అందులో 'పొలం' కూడా ఉంది. అంటే మిర్చి తోటలోని పదహారేళ్ల కూలీకి చట్టం ఆరు గంటల గీత గీసింది. విశ్రాంతి తీసేస్తే అసలు పని అయిదు గంటలే.

కాగితం మీద ఇంత స్పష్టం. తోటలో మాత్రం పని మొదలయ్యేది ఎండ ముదరకముందే, ఎనిమిది కొట్టేదాకా ఎవరూ ఆగరు. ఏరిన కాయ తూకాన్ని బట్టి కూలి లెక్కగట్టే చోట గంటల రిజిస్టరే ఉండదు. యజమాని ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు పంపాలని 9వ సెక్షన్, రిజిస్టర్ పెట్టాలని 11వ సెక్షన్ చెబుతాయి. మేస్త్రీ నోటిమాట మీద కుదిరిన ముఠాకు ఆ కాగితాలు ఎవరు రాస్తారు? శిక్షలూ పోల్చండి. బాలల్ని పెట్టుకుంటే 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. పనివేళలు ఉల్లంఘిస్తే గరిష్ఠంగా నెల జైలు లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ.

ఇక చందా సంగతి: మామూలు పొలం కూలీ ఈఎస్ఐ, ఈపీఎఫ్ పరిధిలోకే రాడు. 2021లో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో మాత్రం 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులు నమోదు కావచ్చు. మన విద్యార్థి పేరు ప్రభుత్వ లెక్కలో కార్మికుడిగా కనబడే దారి ఇదొక్కటే.

5. మళ్లీ కిష్టారానికి

ఈ ప్రాంతంలో బడే నిలకడగా లేని కాలాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో ఊళ్లు ఖాళీ అయ్యాయి, ఎన్నో బడులు మూతపడ్డాయి. తరువాత వెదురుతో కట్టిన పోటా క్యాబిన్ రెసిడెన్షియల్ బడులు వచ్చాయి. అదే కాలంలో అయిదో తరగతి చదివిన గిరిజన యువకులను నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకున్నారు. 2011 జులై 5న నందినీ సుందర్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఆ నియామకాలు ఆర్టికల్ 14, 21లకు విరుద్ధమని తీర్పు చెప్పింది. అప్రెంటిస్‌కు స్టైపెండ్, ఇక్కడ గౌరవ వేతనం. జీతం పేరు మారిన చోట రక్షణ ఎందుకు పలచబడుతుందో ఆలోచించండి.

2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయలుదేరిన 12 ఏళ్ల గిరిజన బాలిక, ఇల్లు చేరకుండానే దారిలో చనిపోయింది. అప్పటికి విద్యాహక్కు చట్టం వచ్చి పదకొండో ఏడు, 2016 సవరణ వచ్చి నాలుగో ఏడు. చట్టం ప్రకారం ఆమె ఆ తోటలో ఉండకూడదు. ఉందని ఏ రిజిస్టర్లోనూ లేదు. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: మన చట్టాలు రిజిస్టర్ ఉన్న చోట గంటలను లెక్కపెట్టాయి, రిజిస్టర్ లేని చోట బిడ్డనే లెక్కపెట్టలేదు.

పరీక్షకు

ప్రిలిమ్స్‌లో తడబడే చోట్లు: ఆర్టికల్ 24 అన్ని పనులనూ నిషేధించలేదు, ఐఎల్ఓ 138, 182 ఒప్పందాలను భారత్ ధ్రువీకరించింది 2017లో, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో 1986 బాల కార్మిక చట్టం కలవలేదు, అది విడిగానే ఉంది.

మెయిన్స్ సాధన ప్రశ్న: 'భారత కార్మిక చట్టాలు బాలల పని గంటలను తగ్గించాయి గానీ, ఆ గంటలను విద్యతో ముడిపెట్టడంలో ఆలస్యమైంది.' చర్చించండి. (250 పదాలు)

1833తో మొదలుపెట్టి, 1881–1948 వరుసను రెండు వాక్యాల్లో ముగించి, 1996, 2009, 2016 మీద ఎక్కువ సమయం పెట్టండి. ముగింపులో పరిష్కారం తప్పనిసరి: వలస వచ్చే చోట సీజనల్ హాస్టళ్లు, రెండు రాష్ట్రాల ఉమ్మడి నమోదు, కోతల కాలంలో తనిఖీ. రాసేటప్పుడు ఆ పదహారేళ్ల కుర్రాణ్ణి మనసులో ఉంచుకోండి. రేపు మీరు ఆ సరిహద్దులో ఎంపీడీఓగానో, అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌గానో కూర్చుంటే, అతను ఎన్ని గంటలు పనిచేస్తున్నాడో మొదట అడగాల్సింది మీరే.