కృష్ణ నడుమ గుర్రంగడ్డ

గుర్రంగడ్డ ఎంత దూరమని గద్వాలలో అడిగితే ముందు ఎదురు ప్రశ్న వస్తుంది: ఏట్ల నీళ్లున్నయా, లేవా? నీళ్లు లేకుంటే బండలమీదుగా ట్రాక్టరే పోతుంది. ఉంటే పుట్టి పడవ కోసం ఒడ్డున కూర్చోవాలి. ఎగువన జూరాల ఆనకట్ట గేట్లు ఎత్తి ఉంటే ఇక ఆ ప్రయాణం సంగతి మరిచిపోవడమే. పట్టణానికి పట్టుమని ఇరవై కిలోమీటర్లు కూడా లేని ఊరి పరిస్థితి ఇది.

జూరాల దిగువన కృష్ణానది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేచోట ఉంది గుర్రంగడ్డ. తెలంగాణలో మనుషులు కాపురముంటున్న ఏకైక నదీ ద్వీప గ్రామమని దీనికి పేరు. ఊరు జోగులాంబ గద్వాల జిల్లాలోది, ఎడమగట్టు ఎక్కితే వనపర్తి జిల్లా. 2016 దసరా నాడు కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ రెండు గట్లూ పాలమూరు జిల్లావే. ఏరు ఒకప్పుడు జిల్లా నడుమ పారేది, ఇప్పుడు జిల్లాల సరిహద్దయింది. ఊరివాళ్లకు ఆ మార్పు కంటే ఏ పాయ ఎప్పుడు ఎండుతుందన్నదే ముఖ్యం. జనాభా వెయ్యిలోపే. చుట్టూ నీళ్లు, నల్లని బండలు, నడుమ వరి మళ్లు.

కృష్ణా తుంగభద్రల మధ్య నేలను జనం నడిగడ్డ అంటారు. చరిత్ర పుస్తకాల్లో ఇదే రాయచూరు అంతర్వేది. బహమనీలు, ఆ తర్వాత బిజాపూరు సుల్తానులు ఒకవైపు, విజయనగర రాజులు మరోవైపు తరతరాలు ఈ నేలకోసం కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు గెలిచింది కూడా ఈ గడ్డమీది పట్టుకోసమే. ఆ తర్వాత సోమనాద్రి గద్వాల కోట కట్టించాడు. గద్వాల సంస్థాన కాలంలో రాజుల గుర్రాలను మేతకు గుర్రంగడ్డ దీవికి తోలేవారని, కాపలా పని ఏరే చూసుకునేదని పెద్దలు చెబుతారు. శాసనాధారం చూపమంటే కష్టమే. కానీ కంచె అక్కర్లేని బీడు దొరికితే ఏ రాజు మాత్రం వదులుకుంటాడు?

ఏరు దాటించే పుట్టికి మాత్రం రాతలో సాక్ష్యం ఉంది. ఇంచుమించు 1520లోనే విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, ఆనెగొంది దగ్గర తుంగభద్రను దాటించే గుండ్రటి పడవల గురించి రాశాడు. లోపల బెత్తపు అల్లిక, పైన తోలు, ఒక్కోదాంట్లో పదిహేను ఇరవైమంది. అవసరమైతే గుర్రాలూ ఎద్దులూ కూడా ఎక్కుతాయని, మామూలుగా అవి ఈదుకుంటూనే వెళ్తాయని చెప్పాడు. ఐదువందల ఏళ్లలో తోలు పోయి టార్పాలిన్, డాంబర్ వచ్చాయి. అల్లిక అదే, తెడ్డు అదే, సుడిలో గిరగిర తిరగడమూ అదే. పుట్టికి ముందూ వెనకా లేవు. నడిపేవాడికి నీటి అడుగున ఏ బండ ఎక్కడుందో తెలియాలి. ఆ లెక్క ఏ పటంలోనూ దొరకదు. ఎగువన, మక్తల్ దాటి పంచదేవ్‌పహాడ్ రేవు దగ్గరా ఇదే పద్ధతి. శ్రీపాద శ్రీవల్లభుల భక్తులు కర్ణాటక వైపున్న కురువపురం దీవికి చేరేది ఇలాగే. భక్తులకు అది ఒకపూట అనుభవం. గుర్రంగడ్డలో బడి పంతులుకూ కాన్పు దగ్గరపడిన కోడలికీ యూరియా బస్తాకూ అదే బండి.

పాతకాలంలో ఏటికి ఒక వరస ఉండేది. ఆషాఢంలో ఎర్రనీళ్లు వచ్చేవి, దీపావళి నాటికి తేరుకునేవి, శివరాత్రికి బండలు తేలేవి. సరుకు, విత్తనం, పెళ్లిముహూర్తం అన్నీ ఆ వరస చూసి పెట్టుకునేవాళ్లు. ప్రియదర్శిని జూరాలకు 1981లో పునాదిరాయి పడింది, 1990ల నడుమ నీళ్లు నిలిచాయి. అంతకుపైన కర్ణాటకలో నారాయణపూర్, ఆలమట్టి ఆనకట్టలు. మహాబలేశ్వరం కొండల్లో కురిసిన వాన ఇప్పుడు ఒక్కో ఆనకట్ట దగ్గర ఆగి, ఒక్కో ఇంజినీరు అనుమతి తీసుకుని కిందికి దిగుతుంది. జూరాలలో కరెంటు పుట్టించడానికి టర్బైన్లు తిప్పినా దిగువ పాయలో మట్టం పెరుగుతుంది. ఊళ్లో చినుకు పడకపోయినా పొద్దున దాటిన బండ సాయంత్రానికి మునిగిపోవచ్చు. నా లెక్కలో గుర్రంగడ్డ చరిత్రలో అసలు మలుపు ఇదే. రాజులు పోవడం కంటే, నిజాం పోవడం కంటే ఇది పెద్దది. ఏరు రుతువులను వదిలి గేట్లను అనుసరించడం మొదలుపెట్టింది.

2009 అక్టోబరు మొదటివారం ఈ ప్రాంతంలో మరిచిపోయినవాళ్లు లేరు. కృష్ణ, తుంగభద్ర ఒకేసారి పొంగాయి. కర్నూలు నగరం మునిగింది, అలంపురంలోకి నీళ్లొచ్చాయి, తుంగభద్ర ఒడ్డు రాజోలి నేలమట్టమైంది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. మళ్లీ 2019 ఆగస్టులో సాంగ్లీ, కొల్హాపూర్‌లను ముంచిన నీరే దిగివచ్చి జూరాల దగ్గర 8 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి రోజుల్లో దీవిలో పుట్టి వేయడమంటే ప్రాణంతో పందెం. మందులు, పాలు, కూరగాయలు తీరే దాకా ఒక దిగులు, తీరాక ఇంకో దిగులు.

భూగోళం మీద ఇంకా ఒంటరి ఊళ్లున్నాయి. అలాస్కాకూ రష్యాకూ నడుమ బేరింగ్ జలసంధిలో లిటిల్ డయోమీడ్ అనే దీవి ఉంది. ఇనూపియట్ జాతివారు వందమంది లోపే. నాలుగు కిలోమీటర్ల అవతల రష్యా దీవి, మధ్యలో అంతర్జాతీయ దినరేఖ. చలికాలం సముద్రం గట్టిగా గడ్డకడితే ఆ మంచుమీదే విమానం దిగడానికి బాట చేసుకునేవారు. ఈమధ్య ఏళ్లలో మంచు పలచబడి ఆ నమ్మకమూ పోయింది. అక్కడ మాఘమాసపు గడ్డకట్టిన సముద్రం దారి, ఇక్కడ వైశాఖపు ఎండిన పాయ దారి. స్కాట్లండ్‌కు పడమట సెయింట్ కిల్డా దీవి కథ ఇంకోలా ముగిసింది. అక్కడ మిగిలిన 36 మంది తామే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుని 1930 ఆగస్టు 29న ఓడెక్కి వెళ్లిపోయారు. పడుచువాళ్లు అప్పటికే వలసపోయారు. ఆ ఏడాది జనవరిలో పెద్దాసుపత్రికి తరలించాల్సి వచ్చిన ఒక యువతి చనిపోవడం వాళ్ల మనసు విరిచేసింది. గుర్రంగడ్డవాళ్లు ఊరు వదలలేదు. వాళ్లకు ఒంటరితనంతో పాటు మంచి మాగాణి ఉంది. సెయింట్ కిల్డాలో ఉన్నవి రాళ్లూ కడలి పక్షులూ.

కృష్ణ వెంబడి ఇంకా కిందికి, నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ వైపు వెళ్తే తారుమారైన కథ కనబడుతుంది. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో జనాన్ని ఖాళీ చేయించిన తీరు గురించి ఆ తరం ఇప్పటికీ కోపంగానే మాట్లాడుతుంది. జటప్రోలు గుళ్లను రాయిరాయి విప్పి ఎగువకు తెచ్చి కట్టారు, కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురం చేరాడు. దేవుళ్లకు దొరికినంత శ్రద్ధగల పునరావాసం మనుషులకు దొరకలేదు. పొరుగూరి చుట్టరికాలు ఎదురుగట్టు చుట్టరికాలయ్యాయి. 2007 జనవరిలో అప్పటి కర్నూలు జిల్లా నెహ్రూనగర్, ఈవైపు మంచాలకట్ట మధ్య పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. సోమశిల దగ్గర నదిమీద తీగల వంతెనకు 2022లో కేంద్రం వెయ్యి కోట్లకు పైగా మంజూరు చేసింది.

గుర్రంగడ్డ అడిగింది అంతటి వంతెన కాదు. ఒక పాయమీద రెండు బండ్లు తప్పుకునేంత దారి. 2018లో మంజూరైంది, పనులూ మొదలయ్యాయి, ఆ తర్వాత ఏళ్లకేళ్లు నత్తనడక. ఏటిలో పని చేయడానికి దొరికేది వేసవి నెలలే కాబట్టి ఒక వేసవి జారితే ఏడాది జారినట్టే. కాంట్రాక్టర్లకు ఆ సాకు చాలు. ఈలోగా ప్రతి వానాకాలం అధికారులు వస్తారు, నిండు గర్భిణులను ముందుగా ఒడ్డుకు రమ్మంటారు. మరబోటు అప్పుడప్పుడూ ఉంటుంది, పుట్టి ఎప్పుడూ ఉంటుంది.

వంతెన లేచినా ఆలమట్టి, నారాయణపూర్, జూరాల గేట్లు ఎత్తేది వాటి వాటి అధికారులే. ఆ వార్త దీవికి చేరడానికి ఇప్పుడు ఫోన్లున్నాయి, వాట్సాప్ ఉంది. అయినా మోటార్లు, పశువులు, కళ్లంలో ధాన్యం సర్దుకోవడానికి కనీసం ఒక పగలు గడువు ఇవ్వాలని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. దానికి కోట్లు అక్కర్లేదు, శంకుస్థాపనా అక్కర్లేదు. రేపు ఎన్ని క్యూసెక్కులు వదులుతారో ఇవాళే, తెలుగులో, వేళ చెప్పి మరీ చెబితే చాలు.